యుద్ధవిద్య ఆత్మరక్షణకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

కరాటే, జూడో, తైక్వాండో, బాక్సింగ్ వంటి విద్యల్లో చేరేవారు చెప్పే కారణాల్లో ఆత్మరక్షణ తప్పక ఉంటుంది. శిక్షణ కేంద్రాల ప్రకటనలు కూడా ఆ మాటనే పెద్ద అక్షరాల్లో వేస్తాయి. అయితే యుద్ధవిద్యను సాధన చేయడం, తనను తాను కాపాడుకోవడం నేర్చుకోవడం అనేవి పెనవేసుకుని కనిపించే రెండు వేర్వేరు పనులు. సాధనలో ఎదురుగా నిలబడేది ఎవరో ముందే తెలుసు. బరువులో, అనుభవంలో ఈడుజోడు చూస్తారు. కాళ్ల కింద మ్యాట్ ఉంటుంది, హద్దు మీరితే ఆపడానికి గురువో రిఫరీయో ఉంటారు. దాడి చేసేవాడు మాత్రం తనకు అనువైన చోటు, సమయం చూసుకుని, పైచేయి తనదే అవుతుందన్న నమ్మకం కుదిరాకే వస్తాడు. కాబట్టి ఎన్నేళ్లు నేర్చుకున్నారు, ఏ బెల్టు వచ్చింది అని అడగడం కంటే, ఎలా నేర్చుకున్నారు, ఏ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని నేర్చుకున్నారు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

ఎలా నేర్చుకోవాలన్న దానికి ఆధునిక కాలంలో గట్టి దారి చూపినవాడు జపాన్‌కు చెందిన జిగోరో కానో. 1860లో పుట్టిన ఆయన ఉత్త చేతులతో పోరాడే పాత జపాన్ విద్య జుజుత్సులోని తెన్‌జిన్ షిన్యో, కితో అనే శాఖల్లో శిక్షణ పొంది, 1882లో టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో కొడోకాన్ పేరుతో సొంత శిక్షణాలయం తెరిచాడు. పాత జుజుత్సులో మర్మస్థానాల మీద కొట్టడం, చిన్న కీళ్లను విరవడం వంటి ప్రమాదకరమైన ప్రయోగాలు ఉండేవి. ఆ విద్యకు ప్రాణాంతకమన్న పేరు తెచ్చింది అవే. కానీ వాటిని తోటి విద్యార్థి మీద పూర్తి బలంతో ప్రయోగించి చూడటం కుదరదు గనుక, సాధనలో అవి అభినయంగానే మిగిలిపోయేవి. కానో వాటిని కటా అనే ముందే నిర్ణయించిన వరుసల్లోకి తరలించి, పడగొట్టడం, అదిమిపట్టడం, ఊపిరి బిగించడం, కీలు మెలిపెట్టడం వంటివాటిని స్వేచ్ఛా సాధనకు ఉంచాడు. ఈ సాధనకే రందోరి అని పేరు, ఇలా రూపుదిద్దుకున్న విద్యే జూడో. కాలక్రమంలో కీళ్ల పట్లను కూడా మోచేతికే పరిమితం చేశారు.

పైకి చూస్తే ఇది విద్యను నీరుగార్చడంలా అనిపిస్తుంది, కానీ జరిగింది దానికి విరుద్ధం. ప్రమాదకరమైనవాటిని తీసేయడం వల్ల మిగిలినవాటిని పూర్తి వేగంతో, పూర్తి బలంతో, పడకూడదని గట్టిగా ప్రయత్నించే మనిషి మీద రోజూ పదేపదే ప్రయోగించే వీలు కలిగింది. వంద ప్రాణాంతకమైన దెబ్బలు గాలిలో సాధన చేసినవాడికి ఎదుటి మనిషి శరీరం ఎలా తప్పుకుంటుందో, ఎలా తిరగబడుతుందో తెలియదు. పది పడగొట్టే పట్లు నిజంగా ప్రతిఘటించే జోడీ మీద సాధించినవాడికి అది ఒంటికి తెలుస్తుంది. యుద్ధవిద్యకూ ఆత్మరక్షణకూ గట్టి లంకె ఎక్కడైనా ఉందంటే అది ఇక్కడే, ప్రతిఘటించే జోడీతో చేసే సాధనలోనే.

మణికట్టు విడిపించుకోవడం అనే చిన్న పాఠంలోనే దీన్ని గమనించవచ్చు. పట్టుకున్న చేతిలో నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు మరోవైపు ఉంటాయి. ఆ రెండూ కలిసేచోటే పట్టు బలహీనం. మణికట్టు ఎముక సన్నటి అంచు ఆ సందువైపు వచ్చేలా చేతిని తిప్పి, మోచేతిని ఎదుటివాడి వైపు నెడుతూ ఒక్కసారిగా లాగితే చెయ్యి బయటపడుతుంది. కదలకుండా నిలబడి పట్టుకున్న జోడీ దగ్గర ఇది మొదటి ప్రయత్నానికే పనిచేస్తుంది. అదే జోడీకి పట్టు వదలొద్దని, రెండో చేత్తో భుజం పట్టుకుని గోడ దాకా నెట్టుకుపొమ్మని చెబితే అదే విద్యార్థి చెయ్యి అక్కడే ఇరుక్కుపోతుంది. చేతి కంటే ముందు అడుగు కదలాలని, నెట్టే దిశలోనే పక్కకు తప్పుకోవాలని, విడిపించుకున్న మరుక్షణం అక్కడ ఉండకూడదని తెలిసేది ఈ రెండో దశలోనే. చాలా వారాంతపు శిబిరాలు మొదటి దశ చూపించి ధ్రువపత్రం ఇచ్చి పంపేస్తాయి. లేని నైపుణ్యం ఉందన్న భ్రమ ఏమీ రాకపోవడం కంటే ప్రమాదకరం.

కరాటే చరిత్ర మరో దారిలో నడిచింది. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో ఇతోసు అంకో అనే గురువు 20వ శతాబ్దం తొలి దశకంలో దాన్ని పాఠశాలల్లో ప్రవేశపెట్టినప్పుడు, పెద్ద బృందాలుగా నిలబెట్టి పిల్లలకు నేర్పడానికి అనువుగా పినాన్ కటాలను రూపొందించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న గిచిన్ ఫునకోషి 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చిన తర్వాత ఆ విద్య జపాన్ ప్రధాన భూభాగమంతటా, ఆపైన ప్రపంచమంతటా పాకింది. వరుసలుగా నిలబడి, లెక్క పెడుతుంటే ఒకే కదలికను అందరూ కలిసి చేసే పద్ధతిలో వ్యాయామ విద్య ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. దానివల్ల నిలకడ, నడుము నుంచి బలం తీయడం, ఊపిరి అదుపు, ఏకాగ్రత అలవడతాయి. జోడీ లేకపోయినా సాధన సాగుతుంది. అంతకుమించి ఆశించినప్పుడే పేచీ. కటాలోని ఒక్కో కదలిక దేనికి ఉద్దేశించినదో వివరించి, దాన్ని తిరగబడే మనిషి మీద చేయించే గురువుల దగ్గర ఆ వరుసలకు ప్రాణం ఉంటుంది. అది లేనిచోట, ఎంత అందంగా చేసినా, అది నీళ్లలోకి దిగకుండా ఒడ్డున చేసిన ఈతే.

ఏ విద్య నిజంగా పనిచేస్తుందన్న వాదన దశాబ్దాల పాటు మాటల్లోనే నడిచింది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్) పోటీలో వేర్వేరు విద్యలవాళ్లను బరువు విభాగాలు లేకుండా, అతి తక్కువ నియమాలతో ఒకే పంజరంలోకి దించారు. సుమారు 80 కిలోల బరువున్న రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి గెలిచాడు. అతని కుటుంబ విద్య అయిన బ్రెజిలియన్ జియుజిత్సుకు మూలం కూడా కానో శిక్షణాలయమే. అక్కడి నుంచి వెళ్లి బ్రెజిల్‌లో స్థిరపడిన మిత్సుయో మాయెదా దగ్గర రాయిస్ పెదనాన్న కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు. గుద్దులు, తన్నుల్లో ఆరితేరినవారు నేల మీద పడ్డాక ఏం చేయాలో తోచక చేతులెత్తేయడం చూసి చాలా శిక్షణాలయాలు తమ పాఠ్యక్రమాన్ని మార్చుకున్నాయి. అయితే ఆ పోటీ నుంచి ప్రతి గొడవనూ నేల మీదికి తీసుకుపోవాలన్న అర్థం తీస్తే పొరపాటే. పంజరంలో ప్రత్యర్థి ఒక్కడే ఉంటాడు, అతని స్నేహితులు వెనక నుంచి వచ్చి తన్నరు. బయట నేల పోరు తెలియవలసింది ముఖ్యంగా కింద పడితే తొందరగా పైకి లేవడానికే.

శరీర పరిమాణం గురించి కూడా నిజం నిజంగా చెప్పుకోవాలి. చిన్న మనిషి పెద్ద మనిషిని తేలిగ్గా ఓడించగలడన్నది యుద్ధవిద్యల ప్రచారంలో అన్నిటికన్నా పాత మాట. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో తొలిసారి అడుగుపెట్టినప్పుడు 68 కిలోల లోపు, 80 కిలోల లోపు, ఆపై బరువు అనే మూడు విభాగాలతో పాటు ఎవరైనా పాల్గొనే ఓపెన్ విభాగం కూడా పెట్టారు. ఆ ఓపెన్ విభాగంలో నెదర్లాండ్స్‌కు చెందిన భారీకాయుడు ఆంటన్ గేసింక్, సొంత గడ్డ మీద ఆడుతున్న జపాన్ ఆటగాడు అకియో కమినాగాను అదిమిపట్టి గెలిచాడు. ఇద్దరూ నేర్పు ఉన్నవారైనప్పుడు బరువు తన లెక్క తాను తేల్చుకుంటుంది. ఇప్పటి ఒలింపిక్ జూడోలో స్త్రీ పురుషులకు చెరో ఏడు బరువు విభాగాలు ఉన్నది అందుకే. నేర్పు ఉన్న చిన్న మనిషి, నేర్పు లేని పెద్ద మనిషిని నిలువరించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ తేడా ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నేర్పు కావాలి, అంత త్వరగా అక్కడి నుంచి బయటపడాలి.

కత్తి విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో రాసిన వ్యాసంలో, కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని, శిక్షణ పొందిన పోలీసుకు తుపాకీ తీసి పేల్చడానికి కూడా దాదాపు అంతే సమయం పడుతుందని చూపించాడు. ఉత్త చేతులతో ఉన్న మనిషి పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు. చాలా తరగతుల్లో రబ్బరు కత్తి పట్టినవాడు చెయ్యి పైకెత్తి ఒక్క పోటు పొడిచి, ఆ చెయ్యిని అలాగే గాలిలో ఉంచి, దాన్ని పట్టుకుని తిప్పేదాకా ఓపిగ్గా నిలబడతాడు. రబ్బరు కత్తి బదులు రంగు మార్కర్ ఇచ్చి, తెల్ల చొక్కా తొడుక్కున్న విద్యార్థి మీద నచ్చినట్టు దాడి చేయమంటే, కొన్ని క్షణాల్లో ముంజేతుల మీద, పొట్ట మీద, మెడ పక్కన గీతలు పడతాయి. కత్తి లాక్కోవడం వచ్చిన విద్యార్థి చొక్కా మీద కూడా అవి తక్కువేమీ కావు. ఈ పరీక్ష పెట్టే గురువులు కత్తి పాఠాన్ని పరుగుతో మొదలుపెడతారు. పరుగుకు దారి లేనప్పుడు మధ్యలో కుర్చీయో సంచీయో అడ్డం పెట్టడం, అదీ కుదరనప్పుడు రెండు చేతులతో కత్తి ఉన్న చేతిని ఒంటికి అదిమి పట్టడం ఆ తర్వాత వస్తాయి. అడిగింది డబ్బో ఫోనో అయితే ఇచ్చేయడం అన్నిటికన్నా మెరుగైన ఎత్తు.

చేతి గురించి ఒక మాట. బాక్సింగ్‌లో గ్లవ్స్‌ను తప్పనిసరి చేసిన క్వీన్స్‌బెర్రీ నియమాలు 1867లో వచ్చాయి. గ్లవ్, దాని కింద చుట్టే పట్టీ రెండూ కొట్టేవాడి చేతిని కాపాడతాయి. ఉత్త పిడికిలితో తల మీద గుద్దినప్పుడు చిటికెన వేలి వెనకాల ఉండే ఎముక విరగడం ఎంత మామూలంటే వైద్యులు దానికి బాక్సర్ ఫ్రాక్చర్ అని పేరే పెట్టేశారు. ఆత్మరక్షణ పాఠాల్లో తలకు అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం), దగ్గరగా ఉన్నప్పుడు మోచెయ్యి వాడమని చెప్పేది ఇందుకే.

జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా అక్కరకొచ్చే నేర్పు కొట్లాటకు సంబంధించినదే కాకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ గాయపడి మరణించేవారిలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. జూడోలో మొట్టమొదట నేర్పే ఉకెమి అనే పడే పద్ధతిలో గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా వంచి, చేతిని వెనక్కి ఊతంగా పెట్టకుండా అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి మ్యాట్‌ను చరుస్తూ, ఊపిరి వదులుతూ పడతారు. తల వెనక్కి కొట్టుకోకుండా, మణికట్టు విరగకుండా చూసుకోవడమే ఇందులోని కీలకం. తడి నేల మీద జారినప్పుడూ, ఎవరైనా నెట్టినప్పుడూ పనికొచ్చేది ఇదే. కొత్త విద్యార్థులకు ఇదే అన్నిటికన్నా విసుగు పుట్టించే పాఠం కూడా.

ఇక ఏ ప్రమాదాన్ని దృష్టిలో పెట్టుకుని నేర్చుకోవాలన్న ప్రశ్న. ఆత్మరక్షణ అనగానే చీకటి సందు, ముఖం తెలియని ఆగంతకుడు మనసులో మెదులుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసిన అంచనాల ప్రకారం దాదాపు మూడో వంతు మహిళలు జీవితంలో ఒకసారైనా శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొంటున్నారు. అందులో అత్యధిక భాగం భర్తో సహచరుడో చేసినదే. తెలిసినవాడి విషయంలో కొట్టడం రాకపోవడం కంటే, ఇది దాడేనని ఒప్పుకోవడానికి మనసు రాకపోవడం, మర్యాద తప్పుతామేమోనన్న జంకు, సంబంధం చెడుతుందన్న భయం పెద్ద అడ్డంకులు. ఎన్ని తన్నులు నేర్పినా ఈ అడ్డంకుల జోలికి పోని తరగతి అసలు సమస్యను వదిలేసినట్టే.

కెనడాలో పరిశోధకురాలు షార్లీన్ సెన్ రూపొందించిన శిక్షణ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులను రెండు బృందాలుగా చేసి, ఒక బృందానికి మూడేసి గంటల చొప్పున నాలుగు విడతల శిక్షణ, మరో బృందానికి కరపత్రాలు ఇచ్చారు. తెలిసినవారి ప్రవర్తనలో ప్రమాద సంకేతాలను గుర్తించడం, లోలోపలి సంకోచాన్ని దాటి గట్టిగా కాదనడం, నోటితోనూ చేతులతోనూ ప్రతిఘటించడం, తన ఇష్టాయిష్టాలు తనకు స్పష్టంగా తెలిసి ఉండటం ఆ పన్నెండు గంటల్లోని విషయాలు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఏడాదిలో అత్యాచారానికి గురయ్యే ముప్పు కరపత్రాల బృందంలో 9.8 శాతం ఉండగా శిక్షణ పొందిన బృందంలో 5.2 శాతానికి తగ్గింది. శారీరక మెళకువలు అందులో ఒక భాగం మాత్రమే అయినా, పన్నెండు గంటలకే ఇంత తేడా రావడం గమనించదగింది. దాడికి బాధ్యత దాడి చేసినవాడిదేనన్న మాటను ఆ శిక్షణ మొదటి నుంచీ గట్టిగా చెబుతుంది. ఈ మాట చెప్పని తరగతులు తమకు తెలియకుండానే బాధితులను తప్పుపట్టే వైపు జారిపోతాయి.

చెయ్యి తగలకముందు జరిగే పనికి శరీర భాష కూడా ఉంది. ఎదుటివాడు అడుగు వేయకుండా ముట్టుకోలేనంత దూరం పాటించడం, రెండు అరచేతులూ ఛాతీ ఎత్తున తెరిచి ముందుకు పెట్టడం, ఒక కాలు కాస్త వెనక్కి వేసి నిలబడటం, దగ్గరికి రావద్దని చుట్టుపక్కలవాళ్లకు వినపడేలా చెప్పడం. చూసేవారికి ఇది గొడవ వద్దనే మనిషి భంగిమలా కనిపిస్తుంది, అదే సమయంలో తలను కాపాడుకోవడానికి చేతులు ఉండాల్సిన చోటే ఉంటాయి. తర్వాత సాక్షులు ఏం చూశారన్నది చట్టం దృష్టిలో ముఖ్యం కూడా. తక్షణ ముప్పు ఉండటం, ముప్పుకు తగిన మోతాదులోనే బలం వాడటం అనే రెండు షరతులను చాలా దేశాల చట్టాలు ఏదో ఒక రూపంలో అడుగుతాయి. కింద పడి లేవలేని మనిషిని తన్నడం ఆ రెండింటిలో దేనికీ నిలవదు.

యువకుల విషయం కొంచెం వేరు. ప్రపంచవ్యాప్తంగా హత్యకు గురయ్యేవారిలో దాదాపు 80 శాతం పురుషులే. వారి గొడవల్లో చాలావాటికి మూలం చూపు, మాట, పంతం. వెనక్కి తగ్గడానికి అవకాశం ఉండగా తగ్గకపోవడం ఆత్మరక్షణ కిందికి రాదు. ఒక్క గుద్దుకు స్పృహ తప్పి, తల నేలకు తగిలి ప్రాణం పోయిన ఘటనల్లో కొట్టినవాడి జీవితం కూడా అక్కడితో తలకిందులవుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న మాట పెద్దల చాదస్తంలా వినిపించే వయసులోనే దీని అవసరం ఎక్కువ. విచిత్రమేమిటంటే, క్రమం తప్పకుండా స్పారింగ్ (జోడీతో పోరులా చేసే సాధన) చేసి రోజూ ఎవరో ఒకరి చేతిలో ఓడిపోయే విద్యార్థికి బయట తన మగతనం నిరూపించుకోవాలన్న తహతహ చాలాసార్లు దానంతట అదే చల్లారుతుంది.

ప్రతిఘటనతో కూడిన సాధన అంటే రోజూ తల పగలగొట్టుకోవడం అని కూడా అనుకోకూడదు. బాక్సర్లలో కనిపించే మెదడు దెబ్బతిన్న లక్షణాలను అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వైద్య పత్రికలో వర్ణించాడు. తర్వాతి పరిశోధనలు, స్పృహ తప్పించని చిన్న దెబ్బలు కూడా ఏళ్ల తరబడి పోగైతే హాని చేస్తాయని తేల్చాయి. హెల్మెట్ లాంటి తొడుగు చర్మం చిట్లకుండా ఆపుతుంది గాని, పుర్రె లోపల మెదడు కుదుపును పెద్దగా ఆపలేదు. కుస్తీ, జూడో వంటి పట్ల విద్యల్లో తలకు దెబ్బ తగలకుండానే దాదాపు పూర్తి బలంతో పెనుగులాడవచ్చు; గుద్దుల విద్యల్లో మాత్రం ఒంటి మీద గట్టిగా, తల మీద తేలిగ్గా అనే కట్టుబాటు ఉన్న చోటే ఎక్కువకాలం సాధన సాగుతుంది. తల తిరుగుతోందన్న విద్యార్థిని ఆ రోజుకు ఆపేయని గురువు దగ్గర నేర్చుకోవడానికి ఏమీ లేదు.

పేరును బట్టి శిక్షణాలయాన్ని ఎంచుకోవడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. 1930లలో నేటి స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా వీధుల్లో యూదు వ్యతిరేక మూకలను ఎదుర్కొన్న కుస్తీ, బాక్సింగ్ క్రీడాకారుడు ఇమి లిచ్టెన్‌ఫెల్డ్, బరిలో గెలిపించిన నేర్పు వీధిలో యథాతథంగా పనిచేయదని గ్రహించి, ఆ తర్వాత ఇజ్రాయెల్ సైన్యం కోసం క్రావ్ మగా అనే ఆత్మరక్షణ పద్ధతిని రూపొందించాడు. అదే పేరుతో నేడు నడిచే తరగతుల్లో ప్రతిఘటించే జోడీని చూడనివీ ఉన్నాయి, ఆత్మరక్షణ అన్న మాటే ఎత్తని బాక్సింగ్ తరగతుల్లో ఆ సాధన నిండుగా దొరికేవీ ఉన్నాయి. చేరబోయే ముందు ఒక తరగతి మొత్తం కూర్చుని చూడటం మేలు. గంటసేపట్లో ఎంత సమయం జోడీలు స్వేచ్ఛగా పెనుగులాడుతున్నారు, బలహీనులకు తగ్గట్టు బలవంతులు తగ్గుతున్నారా, గాయపడినవారిని ఎలా చూస్తున్నారు అన్నవి కళ్లకు కనిపించేవే. విద్యార్థి చేసిన పట్టు పనిచేయనప్పుడు గురువు ఏమంటాడన్నది మరీ ముఖ్యంగా గమనించాలి: జోడీని పిలిచి నువ్వు సరిగ్గా దాడి చేయలేదని సరిదిద్దుతున్నాడా, లేక అదే దాడిని మళ్లీ చేయించి, పట్టు ఎక్కడ జారిపోయిందో విద్యార్థి చేతనే వెతికిస్తున్నాడా అని.